మా బావ టెంపోలో సముద్రం దాకా

మా బావ ఇంట్లో వాళ్ల కోసం ఏదైనా చేయాలనుకుంటే ముందు దానికి వేరే కారణం ఒకటి వెతుక్కుంటాడు. ఎండాకాలంలో వంటింటి వేడికి మా అక్క తట్టుకోలేకపోతోందని కూలర్ తెచ్చిన రోజు, పిండి పులిసిపోకుండా ఉండడానికి తెచ్చానన్నాడు. కూతురి అప్పగింతలప్పుడు కళ్లు తుడుచుకుంటూ, బండలు కోసిన దుమ్ము పడిందన్నాడు. ఆయన బండల అంగడి ఉన్నది ఆళ్లగడ్డలో. పెళ్లి జరిగింది నంద్యాలలో. అంత దూరం దుమ్ము ఎలా వచ్చిందని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది.

అందుకే పోయిన ఏడాది ఒక సాయంత్రం ఫోన్ చేసి, బడిపిల్లల్ని మోసిన పాత టెంపో ఒకటి కొన్నానని, అంగడి పనికేనని చెప్పినప్పుడు నేను కిక్కురుమనలేదు. నాకు బండల వ్యాపారం తెలీదు. నాది నంద్యాల బజార్లో బట్టల అంగడి. అయినా కిటికీలూ మెత్తని సీట్లూ ఉన్న బండిలో నాపబండలు ఎక్కించరని తెలిసేపాటి తెలివి నాకుంది.

ఫోన్ పెట్టేసే ముందు ఆయన అసలు సంగతికి వచ్చాడు.

"వచ్చేటప్పుడు కర్టెన్ గుడ్డ రవ్వంత తీసుకోని రాప్పా."

"ఇంటికా బావా?"

"టెంపోకి."

"బండలకు కర్టెన్లేంది?"

"ఎండ తగల్తాది గదా," అని పెట్టేశాడు.

కొండల్లో కొన్ని యుగాలు ఎండలో పడి ఉన్న రాళ్లకు మా బావ కర్టెన్లు కట్టదలుచుకున్నాడు. ఈ మాట మా ఆవిడకు చెబితే చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "వదిన కోసమే అయ్యుంటుంది," అంది. నాకూ అదే అనిపించింది.

మా అక్కకు అంతకుముందు ఏడాది నడుముకు ఆపరేషన్ అయింది. కర్నూలులో చేయించాం. బాగానే అయింది కానీ, ఎక్కువసేపు కూర్చోవద్దని, మధ్య మధ్యలో పడుకోవాలని, బస్సు కుదుపులు అసలే పనికిరావని డాక్టర్ చెప్పాడు. దాంతో ఆమె ఎక్కడికీ పోవడం మానుకుంది. నంద్యాలలో మా ఇంటికి రావడం కూడా మానుకుంది. ఆళ్లగడ్డ బజారంతా తన పెరడన్నట్టు తిరిగిన మనిషి, మంచం మీద పడుకుని పైకప్పును చూస్తూ, ఆ పైకప్పుకు సున్నం ఎప్పుడు వేయించాలో ఇంట్లో వాళ్లకు చెబుతూ ఉండేది.

ఆ రోజుల్లోనే బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు వచ్చి, కాలక్షేపానికని ఆమెకు ఫోన్‌లో ఒక వీడియో పెట్టింది. ఏ దేశం వాళ్లో తెలీదు, మొగుడూ పెళ్లామూ ఒక వ్యానులో సముద్రపు ఒడ్డునే పోతూ ఉంటారు. వ్యానులోనే వంట, వ్యానులోనే పడక. తెల్లారి వెనక తలుపులు తెరిస్తే పరుపు మీద నుంచే నీలంగా సముద్రం. మొదటిసారి చూసి మా అక్క, "వీళ్లకు ఇల్లు ల్యాదా పాపం?" అంది. నాలుగైదు సార్లు చూశాక, "పండుకోనే సముద్రం సూస్తాండారే," అంది. మా బావ అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు. టెంపో కథ అక్కడ మొదలైంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. తెలీనట్టు ఉండడం మా అందరి మర్యాద.

కర్టెన్ గుడ్డ తీసుకుని ఆదివారం ఆళ్లగడ్డ పోయాను. టెంపోకు తెల్లరంగు కొట్టించాడు కానీ ఎండ పడితే కింది నుంచి పసుపు రంగూ, "పిల్లలున్నారు జాగ్రత్త" అన్న అక్షరాలూ కనబడుతున్నాయి. లోపల సీట్లన్నీ పీకించాడు. బనగానపల్లెలో తనకు తెలిసినాయన దగ్గర మామిడి చెక్క తెప్పించి మంచం చేయించాడు. ఒక మూల నీళ్ల డ్రమ్ము, దాని కింద కుళాయి. ఒక పక్క గ్యాసు పొయ్యి. పొయ్యి కింద, ఈ చివర నుంచి ఆ చివర దాకా, అద్దంలా మెరిసే నల్ల గ్రానైట్ బండ.

నేను బండ మీద చెయ్యి వేసి చూశాను. బండి ఆ పక్కకు కొంచెం ఒరిగి ఉన్నట్టు అనిపించింది. దిగి, వెనక్కి నడిచి దూరం నుంచి చూస్తే అనిపించడం కాదు, నిజంగానే ఒరిగి ఉంది.

"బరువు ఎక్కువైంది బావా. చెక్క పెట్టించుంటే పొయ్యేది," అన్నాను.

బండల వ్యాపారి వంటింట్లో చెక్క పెట్టుకుంటే ఊళ్లో నవ్వరా అని ఆయన అడిగాడు. ఈ బండిని చూసి ఊరు నవ్వకుండా ఉంటుందని ఆయన ఎలా అనుకున్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. సరిగ్గా నడుస్తుందో లేదో చూద్దామని ఇద్దరం దొర్నిపాడు దాకా పోయి టీ తాగి వచ్చాం. మలుపు వచ్చినప్పుడల్లా బండ ఉన్న వైపుకు బండి ఇంకొంచెం వంగేది. మా బావ కూడా అటే వంగేవాడు. వస్తూ వస్తూ, గ్రానైట్ క్వారీలు చూడడానికి నెల్లూరు మీదుగా, సముద్రపు ఒడ్డు పట్టుకుని ఒంగోలు వైపు పోవాల్సిన పని ఉందని, ఎటూ పోతున్నాను కాబట్టి మీ అక్కను కూడా తీసుకుపోతానని, ఆమెకు తోడు మీ ఆవిడా, నాకు తోడు నువ్వూ రావాలని చెప్పాడు. క్వారీలకు పోయే దారి సముద్రపు ఒడ్డున ఎందుకుందని నేను అడగలేదు.

ఇక్కడ మా ఆవిడ గురించి ఒక మాట చెప్పాలి. ఆమెది ఒంగోలు. చిన్నప్పటి నుంచి ఆదివారాలు కొత్తపట్నం పోయి అలల్లో తడిసి వచ్చిన మనిషి. మాకు ఊరి పక్కన పారే కుందూ నది ఎంతో, ఆమెకు సముద్రం అంతే. మా బావ మాత్రం సముద్రం సంగతి ఎత్తితే చాలు, ఒకప్పుడు పాలిష్ మిషన్ కొనడానికి మద్రాసు పోయినప్పుడు తాను చూసిన సముద్రం గురించి చెప్పేవాడు. ఆ అలలు ఎంత ఎత్తువో, తాను ఎంత లోపలికి దిగాడో పెళ్లిళ్లలో, పేరంటాల్లో అందరం విన్నాం. చెప్పినప్పుడల్లా ఆయన ఇంకొంచెం లోపలికి దిగేవాడు. నేనూ మా అక్కా మాత్రం సముద్రం చూడనివాళ్లమని నిజాయితీగా ఒప్పుకునేవాళ్లం.

చలి తగ్గుతున్న రోజుల్లో ఒక ఉదయం ఆళ్లగడ్డ నుంచి బయలుదేరాం. మా అక్క సర్దిన సామాను చూస్తే ఆ వీడియోలోని దంపతులు దడుచుకునేవారు. జొన్నపిండి, చెనిక్కాయల పొడి, ఊరగాయ జాడీలు, బొరుగుల మూట, రెండు రకాల బెల్లం. సముద్రం దగ్గర ఉప్పు దొరకదేమోనని ఉప్పు కూడా పెట్టింది. మా ఆవిడ ఆ పొట్లం చూసి నా వైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

చాగలమర్రి, మైదుకూరు దాటి బద్వేలు దారి పట్టాం. మా అక్క మంచం మీద పడుకుని కిటికీలోంచి ఆకాశాన్నీ, కరెంటు తీగలనూ, చెట్ల కొనలనూ చూస్తూ వచ్చింది. మా బావ నడిపే వేగానికి ట్రాక్టర్లు కూడా హారన్ కొట్టి దాటిపోయాయి. ఆమెకు కుదుపు తగలకూడదని నెమ్మదిగా పోతున్నాడని మాకు తెలుసు. ఇంజన్ కొత్తగా సర్వీసు చేయించానని, తొందరపెట్టకూడదని ఆయన చెప్పాడు.

బద్వేలు దగ్గర రోడ్డు పక్కన నీడ చూసి ఆపాం. మా అక్క లేచి, బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తానంది. గాలి కోసం పక్క తలుపు తెరిచి పెట్టాం. నల్ల బండ, దాని మీద పొయ్యి, బాణలి, తాలింపు వాసన. ఉగ్గాని కలిపేలోపు తలుపు ముందు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఇంకాసేపటికి వాళ్ల వెనక మరో ముగ్గురు. ఒకాయన, బజ్జీ కూడా ఉందా అని అడిగాడు. మా బావ ముఖం కందగడ్డ అయింది. ఇది టిఫిన్ బండి కాదప్పా అని ఆయన చెప్పబోతుండగానే మా అక్క ప్లేటు నింపి ముందున్నాయన చేతిలో పెట్టింది. ఆకలితో వచ్చినవాళ్లకు లేదనడం ఆమెకు చేతకాదు. అందరూ తిన్నారు. డబ్బులు వద్దంటే ఒప్పుకోక అరటిపళ్ల గెల ఒకటి లోపల పెట్టి పోయారు. బజ్జీ అడిగినాయన పోతూ పోతూ, రేపు కూడా ఇక్కడే పెడతారా అన్నాడు.

ఆ తర్వాత బండి ఎక్కడ ఆపినా మా బావ మొదట పక్క తలుపు గడియ వేసేవాడు.

నెల్లూరు దాటి మైపాడు చేరేసరికి మధ్యాహ్నం వాలింది. రోడ్డు చివర, బొమ్మల అంగళ్ల మధ్య నుంచి ఒక్కసారిగా నీళ్లు కనబడ్డాయి. నేను చూసినవల్లా చెరువులూ, వెలుగోడు రిజర్వాయరూ. వాటికి అవతలి గట్టు ఉంటుంది. దీనికి లేదు. ఆ లేకపోవడం చూసి నేను కిటికీ అంచు గట్టిగా పట్టుకున్నాను. ఈ సంగతి మా ఆవిడకు చెప్పలేదు. చెప్పకపోయినా చూసేసింది.

మా అక్కను నేనూ మా ఆవిడా చెరో పక్క పట్టుకుని దింపాం. ఇసుకలో అడుగు పడి జారి, మళ్లీ నిలదొక్కుకుంటూ, తడి ఇసుక మొదలయ్యే దాకా నడిచింది. అక్కడ ఆగింది. ఒక అల వచ్చి కాళ్ల మీద నుంచి పోయింది. ఇంకోటి వచ్చింది.   నాలుగైదు అలలు అలా పోయాక ఆమె మా ఆవిడ వైపు తిరిగింది.

"రాత్రిళ్లు గూడా ఇట్లనే వస్తాంటదా?"

"రాత్రిళ్లూ వస్తుంది వదినా."

"ఎప్పుడూ నిలవదా?"

"నిలవదు."

"పాపం," అంది మా అక్క.

వెనక్కి తిరిగి చూస్తే మా బావ టెంపోను ఆనుకుని నిలబడి ఉన్నాడు. అక్కడి నుంచి ఒక్క అడుగు వేయలేదు. మా ఆవిడ, "అన్నయ్యా, మద్రాసులో అంత లోపలికి దిగారుగా, ఇక్కడ కాళ్లన్నా తడుపుకోండి," అని పిలిచింది. బండికి కాపలా ఉండాలన్నాడు. నేను ఆయన దగ్గరికి పోయి, నేను ఉంటాలే, నువ్వు పో అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. మద్రాసులో బస్సులో పోతుంటే రెండు మేడల సందులో రవ్వంత నీలంగా కనబడిందట. అదే సముద్రమని పక్క సీటాయన చెప్పాడట. తిరిగి చూసేలోపు ఇంకో మేడ అడ్డం వచ్చిందట.

"ఇంత ఉంటాదని ఆయప్ప చెప్పల్యా," అన్నాడు మా బావ, ఆ పక్క సీటాయన తనను మోసం చేసినట్టు.

మర్నాటి నుంచి ఉత్తరంగా పోయాం. వీలైనంత వరకు పెద్ద రోడ్డు వదిలి, సముద్రానికి దగ్గరగా పోయే చిన్న దారులు పట్టుకున్నాం. ఒక పక్క సరుగుడు తోటలు, ఇంకో పక్క ఉప్పుమళ్లు. తెల్లటి ఉప్పు కుప్పలు వరసగా కనబడగానే మా ఆవిడ గొంతు సవరించుకుని, "వదినా, మన ఉప్పు అయిపోతే ఇక్కడ దొరుకుతుందేమో అడుగుదామా?" అంది. మా అక్క ఆమె భుజం మీద ఒకటి వేసింది. నడుము పట్టుకుని మరీ నవ్వింది. ఆ నవ్వు విని మా బావ అద్దంలోంచి వెనక్కి చూసి, ఏమైందని అడిగాడు. ఏమీ లేదన్నారు ఇద్దరూ. ఆయన ఇంకో రెండుసార్లు అద్దంలో చూశాడు.

అయితే ఒక చిక్కు వచ్చింది. ఎక్కడ చూసినా బండి ఆపే చోటికీ సముద్రానికీ మధ్య ఏదో ఒకటి అడ్డం ఉండేది. ఒక చోట గోడ. ఒక చోట అంగళ్లు. రామాయపట్నం దగ్గర వెనక తలుపులు తెరిస్తే మా అక్కకు మంచం మీద నుంచి కనబడినవి, దండలుగా వేలాడదీసిన చిప్స్ పొట్లాలు.  బాగుంది, గాలి వస్తోంది అంది. మా బావ మాత్రం మాటలు తగ్గించేశాడు. ఆయన మనసులో ఆ వీడియో ఉందని, పరుపు మీద నుంచి సముద్రం కనబడితే తప్ప ఈ యాత్ర ఆయనకు యాత్ర కాదని నాకు అర్థమైంది.

కొత్తపట్నం దాటాక, చీరాల ఇంకా దూరం ఉందనగా, చేపలు పట్టే పల్లెకారుల ఊరు ఒకటి వచ్చింది. ఊరు దాటితే సరుగుడు చెట్లు, చెట్ల మధ్య ఒక బాట, బాట చివర అడ్డం ఏమీ లేని సముద్రం. మా బావ బండి ఆపాడు. బాట వైపు చూశాడు. మా ఆవిడ, అది పొడి ఇసుక, దిగొద్దన్నయ్యా అని చెప్పింది. మా వాగుల ఇసుకలో ట్రాక్టర్లు తోలినవాణ్ని, ఇది నాకొక లెక్కా అని ఆయన స్టీరింగ్ తిప్పాడు.

చెట్లు దాటేదాకా బాగానే పోయింది. ఒడ్డున బండిని తిప్పి, వెనక తలుపులు సముద్రం వైపు ఉండేలా ఆపాలని వెనక్కి పోనిచ్చాడు. బండ ఉన్న వైపు చక్రం మెల్లగా ఇసుకలోకి దిగింది. యాక్సిలరేటర్ తొక్కాడు. చక్రం తిరిగింది, బండి కదల్లేదు. ఇంకా తొక్కాడు. ఇసుక ఎగిరి, దారి చూపడానికి దిగి వెనక నిలబడ్డ నా ముఖం మీద పడింది. కాసేపటికి బండి ఒక పక్కకు బాగా ఒరిగి, కింది రేకు ఇసుకకు తగిలి ఆగిపోయింది. మా బావ దిగి, బండి చుట్టూ ఒకసారి తిరిగి, టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. 

లోపలి నుంచి మా అక్క గొంతు వినిపించింది.

"ఇదో, ఇప్పుడు కనపడ్తాంది."

పోయి చూశాం. వెనక తలుపులు తెరుచుకుని ఉన్నాయి. మంచం వాలుగా అయిపోయింది. ఆమె జారి గోడకు ఆనుకుని, దిండు సర్దుకుని పడుకుని ఉంది. ఎదురుగా రెండు తలుపుల నిండా సముద్రం. మధ్యలో ఒక్క పడవ. నేను నడుముకు దెబ్బ తగిలిందా అని అడిగాను. లేదంది. బండి లాగడానికి ఇప్పుడే ఎవరినీ పిలవవద్దని, రవ్వంతసేపు ఉండనియ్యమని అడిగింది. మా ఆవిడ టీ పెట్టబోతే గిన్నె జారిపోతోంది. ఒకరం గిన్నె పట్టుకుంటే ఒకరం పొయ్యి పట్టుకుని టీ కాచాం. ఇసుకలో కూర్చుని తాగాం. మా బావ మాత్రం నిలబడే తాగాడు. అయినా ఆయన ముఖంలో సగం దిగులూ, సగం ఇంకేదో ఉంది.

ఎండ తగ్గుతుంటే ఊళ్లో వాళ్లే వచ్చారు. వలలు బాగు చేసుకుంటున్న మగవాళ్లు, చేపలు కోస్తున్న ఆడవాళ్లు. ఒక పెద్దాయన చక్రం చూసి, లోపలికి తొంగి చూసి, "బరువు దించందే కదలదండీ. ఏముంది లోపల?" అన్నాడు.

"ఏం లేదప్పా. వంటిల్లు," అన్నాడు మా బావ.

నీళ్ల డ్రమ్ము దించాం. గ్యాసు సిలిండర్ దించాం. మూటలు, జాడీలు అన్నీ దించాం. పెద్దాయన ఇంకా లోపలికే చూస్తున్నాడు. మా బావ ఆకాశం వైపు చూస్తున్నాడు. చివరికి నేనే గ్రానైట్ బండ చూపించాను. దాన్ని విప్పి బయటికి తేవడానికి ఆరుగురు మనుషులు పట్టారు. బయటికి వచ్చి ఇసుక మీద పడుకున్నాక, అది లేని బండి తనంతట తనే కొంచెం పైకి లేచింది, ఊపిరి పీల్చుకున్నట్టు. తర్వాత పడవకు కట్టే మోకు కట్టి, అందరూ ఒక వరసలో నిలబడి, పడవ పాట అందుకుని లాగారు. మా ఆవిడ కూడా పట్టింది. మా బావ కూడా పట్టాడు. బండి ఇసుకలోంచి బయటపడి చెట్ల నీడలో గట్టి నేల మీదికి వచ్చింది.

బండను మళ్లీ ఎక్కిస్తామని వాళ్లే అన్నారు. మా బావ బండి వైపు చూశాడు, బండ వైపు చూశాడు. అప్పటికే అక్కడ ఒకామె వంగి బండ మీద అరచెయ్యి రాస్తోంది. ఆమె అంతవరకు చేపలు కోస్తున్నది పగుళ్లిచ్చిన పాత మొద్దు మీద.

"అన్నా, దీని మీద నీళ్లు పోస్తే లోపలికి ఇంకుతాయా?" అని అడిగింది.

అంతే, మా బావలో వ్యాపారి నిద్ర లేచాడు. చుక్క కూడా ఇంకదన్నాడు. కత్తి గీత పడదన్నాడు. పసుపు మరక, నూనె మరక పట్టదన్నాడు. ఆమె అన్నీ విని, ఇలాంటిది మాకెక్కడ దొరుకుతుందిలే అని మొద్దు దగ్గరికి పోబోయింది. మా బావ ఆమెను ఆపాడు.

"పెట్టుకోండి మా. నేను మళ్లా ఈ పక్క క్వారీల పనికి వస్తా గదా, అప్పుడు సూస్తాంలే."

మా ఇళ్లలో చేప అన్న మాట కూడా ఎత్తరు. పక్కింట్లో వండితే కిటికీలు మూసే జాతి మాది. అలాంటి మా బావ ఆ సాయంత్రం పల్లెకారుల ఊళ్లో, చేపలు కోయడానికి బండ పరుస్తూ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఊరికే ఇసుకలో పడేసి పోవడం ఆయన వృత్తికి అవమానమట. ఇటుకలు తెప్పించాడు. రెండు వరసలు పేర్చాడు. సీసాలో సగం నీళ్లు పోసి బండ మీద అడ్డంగా పెట్టి మట్టం చూశాడు. తర్వాత నీళ్లు ఒక పక్కకు జారాలని ఒక చివర ఇటుక కింద చిన్న పెంకు దోపాడు. అంతా అయ్యాక ఆమె ఒక పెద్ద చేపను తెచ్చి బండ మీద చప్పుడయ్యేలా వేసింది. మా బావ తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. కానీ పోలేదు. ఆమె కోసి నీళ్లు పోస్తుంటే వంగి, ఆ నీళ్లు తాను అనుకున్న వైపే పోతున్నాయా లేదా అని చూశాడు. పోయాయి. తువ్వాలు వెనక ఆయన నవ్వుతున్నాడని కళ్లను బట్టి తెలిసింది.

చేపలు తీసుకుపొమ్మని వాళ్లు ఇవ్వబోతే మా అక్క చేతులు జోడించింది. అప్పుడు ఉడికించిన తాటి తేగలు తెచ్చి ఆమె ఒళ్లో పోశారు.

ఆ మర్నాడు చీరాల ఓడరేవు దగ్గర ఆగాం. బండ ఉన్న చోట ఒక పలక అడ్డం పెట్టి, దాని మీద పొయ్యి పెట్టి నేను టీ కాస్తున్నాను. బయట మా అక్కా బావా చాప మీద ఉన్నారు, ఆమె పడుకుని, ఆయన కూర్చుని. వాళ్లకు నేను వింటున్నానని తెలీదో, తెలిసినా లెక్క లేదో.

"ఇదో, ఈ బండి నా కోసమే గదా కొన్యావు?" అంది మా అక్క.

"అంగడి పనికి."

"అంగడి పనికి మంచమేంది?"

"నాకు నడుము నొప్పి."

"నీకు యాడిది నడుము నొప్పి? అది గూడా నాదే తీసుకుంటివా?"

 పొయ్యి మీద టీ పొంగబోతే నేను చప్పుడు కాకుండా మంట తగ్గించాను.

"నువ్వు పొద్దస్తమానం ఆ పైకప్పు సూస్తాంటే నాకు బాగల్యాకపాయె," అన్నాడు మా బావ చివరికి. "ఇంగ లేయ్. టీ వస్తాంది."

టీ ఇంకా కాలేదు. అయినా నేను గ్లాసుల్లో పోసేశాను. నీళ్ల టీ అని ఇద్దరూ నన్ను తిట్టారు.

ఆ సాయంత్రం ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి నీళ్లలోకి దిగాడు. ఆయనే మా అక్క చెయ్యి పట్టుకుని దించుతున్నట్టు ఉంది కానీ, ఎవరు ఎవరిని పట్టుకున్నారో చూసినవాళ్లకు తెలుస్తుంది. పెద్ద అల వస్తే ఆమె నిలబడింది. ఈయన వెనక్కి ఉరికాడు. ఆళ్లగడ్డలో ఈ మాట ఎవరికీ చెప్పవద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఇక్కడ రాయడం ఆ ఒట్టు కిందికి రాదని నా నమ్మకం.

తిరుగు దారిలో ఒంగోలు మీదుగా వచ్చాం. మా అత్తగారింట్లో ఒక పూట ఆగి పొమ్మని మా మామ రోడ్డు మీదికొచ్చి అడిగాడు. బండి ఉండగా ఇల్లెందుకని మా బావ అంటే, అయితే నేనే మీ ఇంటికి వస్తానని ఆయన టెంపో ఎక్కి, మంచం మీద కూర్చుని కాఫీ తాగి పోయాడు. గిద్దలూరు దాటి నల్లమల ఘాట్‌లో మలుపులు మొదలయ్యేసరికి మా అక్క ముందు సీట్లోకి వస్తానంది. అడవి చూడాలట. బండ లేని బండి మలుపుల్లో వంగడం మానేసింది. అలవాటు కొద్దీ మా బావ ఒక్కడే వంగుతూ వచ్చాడు.

ఆపరేషన్ తర్వాత మా అక్క నంద్యాలలో మా ఇంటికి రావడం అదే మొదలు. టెంపో మా సందులో పట్టక సగం రోడ్డు మీదే ఉంది. మర్నాడు పొద్దున్నే ఇరుగు పొరుగు ఆడవాళ్లు వచ్చారు. సముద్రం ఎట్లుందని అడిగితే మా అక్క చేతులు రెండూ చాపింది, చాలలేదని దించేసింది.

"నిలబడితే కాళ్ల కింద ఇసుక జారిపోతాంటాది. మనమే యాటికో పోతాండామేమో అనిపిస్తాది. కిందికి సూస్తే ఆడనే ఉంటాం," అంది.

వాళ్లకు సముద్రం కంటే టెంపో మీదే ఎక్కువ మనసు పోయింది. ఒక్కొక్కరూ ఎక్కి కుళాయి తిప్పి చూశారు, కర్టెన్లు లాగి చూశారు, గుడ్డ ఎంతకు కొన్నారని నన్ను అడిగారు. మా బావ తలుపు దగ్గర నిలబడి, చెప్పులు ఈడ ఇడ్చండి మా అని అందరికీ చెబుతున్నాడు. ఎదురింటి పెద్దామె మంచం మెత్తగా ఉందో లేదో చూస్తానని ఒరిగింది. కాసేపటికి ఆమె గురక వినిపించింది. కోడలు లేపబోతే మా అక్క వద్దంది. పెద్దామెకు రాత్రిళ్లు నిద్ర పట్టదని ఆ సందులో అందరికీ తెలుసు.

మధ్యాహ్నం భోజనాలకు ముందే ఆళ్లగడ్డకు బయలుదేరాల్సిన వాళ్లు అలా ఆగిపోయారు. అంగడి తెరవాలని మా బావ నాలుగుసార్లు అన్నాడు. అంటూనే ఎండ పెద్దామె ముఖం మీద పడుతోందని పోయి కర్టెన్ లాగి వచ్చాడు.